మిద్దె కారుతోందా, గోడ నెమ్ముతోందా? తిరుపతి ఇళ్ల గురించి ఒక ఇంజనీర్‌తో

యాంకర్: నమస్తే అండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తిరుపతిలో ఏ ఇంటికి పోయినా ఒకటే మాట. "గోడ చెమ్మ పట్టింది, మిద్దె కారుతోంది." ఈ రోజు మనతో ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ అక్క ఉన్నారు. తిరుపతిలో, చిత్తూరులో ఇళ్ల రిపేర్లు చూస్తుంటారు. అక్కా, గోడ మీద మరక కనబడగానే మొదట ఏం చెయ్యాలి?

ఇంజనీర్: పెయింట్ షాపుకు పరిగెత్తడం మానాలి తమ్ముడూ. పండగ వస్తోందని మరక మీద పుట్టీ పెట్టించి, పైన డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ వేయిస్తారు. మళ్లీ వానలకు అదంతా పొక్కులు లేచి రాలిపోతుంది. కష్టపడి సంపాదించిన డబ్బు ఏటా అలా రాలిపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తేలేదాకా ఆ గోడ మీద రూపాయి పెట్టకూడదు.

యాంకర్: అది తేలేదెట్లా?

ఇంజనీర్: మరక ఎక్కడుంది, ఎప్పుడు పెరుగుతోంది? ఈ రెండూ చూస్తే సగం తెలిసిపోతుంది. నేల దగ్గర మొదలై, మీటరు లోపలే ఆగి, పై అంచున తెల్లగా ఉప్పు తేలితే అది భూమిలోంచి ఎక్కే నెమ్ము. సీలింగు మీద ఉండి, వాన పడ్డాక పెరిగితే మిద్దె సంగతి. నడి ఏప్రిల్‌లో కూడా తడి ఆరలేదంటే పైపునో బాత్రూమునో అనుమానించాలి.

చిత్తూరులో ఒకరింట్లో హాల్లో సోఫా వెనక మోకాలెత్తున మరక. ఆ ఇంటాయన బయటి గోడకంతా వాటర్‌ప్రూఫింగ్ చేయించేశారు, అయినా తగ్గలేదు. ఆ మరక ఉన్న గోడకు అవతల బాత్రూమ్. నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రంలో, గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టి, టైల్ మీద నీటి మట్టానికి పెన్సిల్ గీత గీసి తలుపు వేయించాం. మర్నాడు చూస్తే నీళ్లు గీతకు చాలా కిందికి దిగాయి. ట్రాప్ అంచు చుట్టూ సిమెంటు విడిపోయి, సన్నటి సందు పడింది. స్నానం చేసిన ప్రతిసారీ కొన్ని నీళ్లు టైల్స్ కిందికి చేరి గోడలోకి పాకుతున్నాయి. చూస్తే గోరు దూరనంత సందు!

యాంకర్: మా వీధిలో సగం ఇళ్లకు కింది నుంచి ఎక్కే నెమ్మే ఉందక్కా.

ఇంజనీర్: మీ వీధిలో సిమెంటు రోడ్డు ఎన్నిసార్లు వేశారు? పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తూ పోతారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి పోవాల్సొస్తోంది. బేస్‌మట్టం దగ్గర చెమ్మ ఎక్కకుండా డీపీసీ అని ఒక పొర వేస్తారు. రోడ్డు దానికన్నా ఎత్తుకు వచ్చాక, ఆ పొర ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దానికి తోడు గోడకు ఆనించి పూలమొక్కలు, గోడ మొదట్లోకే మిద్దె నీళ్ల పైపు. ముందు వీటిని సరిచెయ్యాలి. గోడ పక్కన మట్టి తీసి మట్టం తగ్గించి, నీళ్లు బయటికి పోయేలా వాలు ఇవ్వాలి. చాలా ఇళ్లకు ఇంతమాత్రంతోనే బాగా తగ్గుతుంది.

తర్వాతే ప్లాస్టరింగ్ పని. చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా పాత పూతను చెక్కి తీసేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. అప్పటికీ నెమ్ము ఎక్కుతుంటే, గోడ అడుగున వరసగా సన్నటి రంధ్రాలు వేసి, నీటిని ఆపే కెమికల్ ఎక్కించే పద్ధతి ఉంది.

యాంకర్: పాత సున్నపు గోడలకు కూడా ఇదే పద్ధతా?

ఇంజనీర్: వాటి సంగతి వేరు. చిత్తూరు పాత వీధుల్లో గానుగ సున్నంతో కట్టిన ఇళ్లు, దూలాల మీద ఇటుకలు పేర్చిన మద్రాసు టెర్రస్‌లు ఇంకా ఉన్నాయి. సున్నపు గోడ తడి పీల్చినా మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేశావంటే తడికి బయటికి పోయే దారి మూసేసినట్టే. అది ఇంకా పైకి ఎక్కుతుంది, గోడలోకి దిగిన దూలాల కొసలు కుళ్లుతాయి. సున్నపు గోడకు సున్నపు పూతే వెయ్యాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు, నాకు అదే బాధ.

యాంకర్: ఇప్పటి ఆర్‌సీసీ మిద్దె కారితే?

ఇంజనీర్: స్లాబ్ మధ్యలోంచి కారడం తక్కువ. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల, నీళ్లు దిగే పైపు మూతి, సోలార్ హీటర్ స్టాండ్‌కు కొట్టిన బోల్టు రంధ్రాలు... ముందు ఇవి చూడు. వాలు పది అడుగులకు ఒకటిన్నర అంగుళమైనా ఉండాలి. వాన వెలిసిన మర్నాడు మిద్దె ఎక్కు. నీళ్లు ఎక్కడ నిలిచున్నాయో చాక్‌పీసుతో గీసుకో. మేస్త్రీకి చూపించడానికి అంతకన్నా మంచి ప్లాన్ లేదు.

యాంకర్: పగుళ్లు చూస్తే మాత్రం జనాలకు టెన్షన్ అక్కా, ఇల్లు పడిపోతుందేమో అని.

ఇంజనీర్: వెంట్రుకలా సన్నగా, సాలెగూడులా ఉంటే అది పూత ఆరినప్పుడు వచ్చింది, భయం లేదు. స్లాబ్ కింద గోడ పొడుగునా అడ్డంగా వస్తే, మన ఎండలకు స్లాబ్ సాగి ముడుచుకోవడం వల్ల కావచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా దిగితే పునాది దిగిందేమో చూడాలి. పూడ్చిన చెరువు నేలల్లో, గట్టిపడని మట్టి మీద కట్టిన ఇళ్లకు ఇది వస్తుంది. పగులుకు అడ్డంగా పల్చటి గాజు ముక్క అంటించి, తేదీ రాసిపెట్టు. కొన్ని నెలల్లో గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. కదిలే పగుల్లో సిమెంటు నింపితే దాని పక్కనే ఇంకోటి వస్తుంది.

యాంకర్: సజ్జ కింద పెచ్చులూడి కమ్మీలు కనబడుతుంటే?

ఇంజనీర్: దాన్ని మాత్రం వాయిదా వెయ్యొద్దు. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టేస్తుంది. సుత్తితో మెల్లగా తడితే డొల్ల శబ్దం వచ్చేదంతా ఊడేదే. ఊరికే సిమెంటు మెత్తితే లోపల తుప్పు అలాగే సాగుతుంది. కింద సపోర్టు పెట్టి, కమ్మీ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, తుప్పు పట్టని కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో కట్టాలి. కమ్మీ మరీ సన్నబడితే పక్కన కొత్తది వెయ్యాలి. ఇది ఇంజనీర్ చూడకుండా చేసే పని కాదు. ఇల్లు కట్టే ముందు బోరు నీళ్లు కూడా టెస్ట్ చేయించాలి. కమ్మీ ఉండే కాంక్రీటుకు లీటరు నీళ్లలో, తుప్పు తెచ్చే క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది.

యాంకర్: 2021 నవంబరు వానలప్పుడు ఇక్కడ కృష్ణానగర్‌లో సంపు భూమిలోంచి పైకి లేచిందే, అదెందుకు?

ఇంజనీర్: కొండ నీళ్లు, చెరువుల నీళ్లు కలిసి నేలంతా నానిపోయింది. అలాంటి నేలలో ఖాళీ సంపు అంటే నీళ్లలో ముంచిన ఖాళీ బిందె. కింది నీళ్లు దాన్ని పైకి నెడతాయి. అందుకే గట్టి వానల్లో, నేల నానున్నప్పుడు, సంపు మొత్తం తోడి కడగొద్దు. ఆ పని ఎండాకాలంలో పెట్టుకోవాలి.

యాంకర్: చివరిగా, రిపేరంతా అయ్యాక పెయింటర్‌ను ఎప్పుడు పిలవొచ్చు?

ఇంజనీర్: గోడ ఆరేదానికి నెలకు ఒక అంగుళం అని మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు ఎన్ని నెలలో నువ్వే చూసుకో. ఫిబ్రవరిలో పని మొదలుపెడితే ఎండలు కలిసొస్తాయి. ఆరిందనుకున్నాక మూరెడు ప్లాస్టిక్ షీటు గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలెయ్. షీటు వెనక, గోడ వైపు నీటి చుక్కలు పట్టాయంటే ఇంకా ఆగు. పొడిగా ఉంటే పిలువు పెయింటర్‌ను.