వెలుగు తగిలితే పనిచేసే మందు వచ్చేసిందా?

(విజయవాడ స్టూడియో. ‘డాక్టర్‌తో మాట్లాడండి’ ఫోన్-ఇన్ నుంచి)

యాంకర్: గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. పదో తరగతిలో ఫిట్స్ మొదలయ్యాయి. మాత్రలు వాడుతున్నాక ఎనిమిది నెలలుగా రాలేదు. కానీ ఒకటే మగతండీ, క్లాసులో నిద్రపోతున్నాడు. మొన్న వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. లైటు వేస్తే చాలు, మెదడులో మందు పనిచేస్తుందట. అది చూసినప్పటి నుంచి మాత్రలు మానేస్తానంటున్నాడు.

డాక్టర్: మానేశాడా అమ్మా?

కాలర్: నిన్న రాత్రి వేసుకోలేదండీ.

డాక్టర్: అయితే ఇవాళ మాత్రం మానొద్దు, టైముకి వేయించండి. తప్పిపోయిందని రెండు కలిపి వేయొద్దు. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.

కాలర్: మరి వీడియో అబద్ధమా అండీ?

డాక్టర్: పూర్తిగా అబద్ధం కాదమ్మా, అందుకే చిక్కు. మామూలు మాత్ర రక్తంలో కలిసి మెదడంతా తిరుగుతుంది. జబ్బున్న చోటు, లేని చోటు దానికి తేడా తెలియదు. మీవాడి మగత అక్కడి నుంచే. అలా కాకుండా, వెలుగు పడిన చోటే పనిచేసే మందు చేయాలని శాస్త్రవేత్తలు చూస్తున్నారు. మందు అణువులో అజోబెంజీన్ అనే ముక్క పెడతారు. ఒక రంగు వెలుగు పడితే అది వంగుతుంది, ఇంకో రంగుకి మళ్లీ నిటారుగా అవుతుంది. తాళంచెవి వంగితే తాళంలో దూరదు కదా, అంతే.

2021లో స్పెయిన్‌లోని బార్సిలోనా శాస్త్రవేత్తలు ఇలాంటి మందుతో ఎలుక మెదడు తరంగాల వేగాన్ని మార్చారు. జన్యువుల జోలికి వెళ్లకుండా చేశారు, అది నాకు చాలా నచ్చిన పని. కానీ వాళ్లు చూసింది ఫిట్స్ తగ్గుతాయా అని కాదు. పైగా వెలుగు మన కణజాలంలో కొన్ని మిల్లీమీటర్లు దాటితే బాగా పలచబడిపోతుంది. పుర్రె లోపలికి పంపడమే పెద్ద సమస్య. ఫిట్స్‌కి ఇది మన మందుల షాపులో దొరికేది కాదమ్మా.

కాలర్: ఆ వీడియో కింద లైటు టోపీ అమ్ముతున్నారండీ, పద్దెనిమిది వేలట.

డాక్టర్: కొనకండి. ఆ డబ్బుతో మీ న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. మగత ఏ టైములో ఎక్కువో వారం రోజులు కాగితం మీద రాయండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చూస్తారు. అబ్బాయి పక్కనే ఉన్నాడా?

కాలర్: ఉన్నాడండీ, స్పీకర్ పెట్టాను.

డాక్టర్: బాబూ, నిద్ర వస్తుంటే చదువు ఎంత కష్టమో నాకు తెలుసు. నీ బాధ నిజమే. ఒంటరిగా మాత్ర ఆపొద్దు, అంతే. బండి నడుపుతున్నావా?

అబ్బాయి: అప్పుడప్పుడు సార్.

డాక్టర్: మీ డాక్టర్ సరేననే దాకా తాళాలు అమ్మకి ఇచ్చెయ్ నాన్నా.

అబ్బాయి: ఇస్తాను సార్. మాత్ర ఇప్పుడే వేసుకోనా?

డాక్టర్: రోజూ ఎప్పుడు వేసుకుంటావు?

అబ్బాయి: రాత్రి తొమ్మిదికి.

డాక్టర్: అయితే తొమ్మిదికే వేసుకో.