ఖాళీ గడి, కోపిష్టి హెచ్చరిక: మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2024 ఫారాల రివ్యూ

నమస్కారం. ఈరోజు సమీక్షిస్తున్న మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2024 (సమాచారాన్ని పట్టికలుగా దాచి, ఫారాల ద్వారా నింపే డేటాబేసు ప్రోగ్రాము) లైసెన్సును చెన్నైలోని ఒక సాఫ్ట్‌వేర్ విక్రేత నాకు ఉచితంగా ఇచ్చారు. ఫలానా మాట చెప్పమని గానీ, ఫలానా మాట చెప్పవద్దని గానీ వారు షరతు పెట్టలేదు. ఈ వీడియోను ముందుగా చూడనూ లేదు. ధర, ర్యామ్, ఏ విండోస్‌లో నడుస్తుంది వంటి వివరాలు మీరు ఇప్పటికే ఎక్కడో చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోవడం లేదు. మ్యాక్‌లో ఇది నడవదని మాత్రం చెప్పి ముందుకు వెళ్తాను. నేను మాట్లాడదలచుకున్నది దాదాపు ఒకే విషయం గురించి: ఫారం నింపి, ఇక అయిపోయిందనుకున్న క్షణంలో, ఏదో గడి ఖాళీగా ఉందంటూ తెర మధ్యకు వచ్చి నిలబడే హెచ్చరిక గురించి.

చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో మా బావగారికి కాగితం, శుభలేఖల వ్యాపారం ఉంది. ఆ కొట్టు ఆర్డర్లు ఒకప్పుడు ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు ప్రోగ్రాములో ఉండేవి, ఆ తరువాత యాక్సెస్‌లోకి వచ్చాయి, వాటి మంచిచెడ్డలు చూసే పని ఎలాగో నా మీద పడింది. ఫాక్స్‌ప్రోలో ఒక గడికి వ్యాలిడ్ అనే షరతు రాస్తే, సరైన విలువ ఇచ్చేదాకా కర్సర్ అక్కడి నుంచి కదిలేది కాదు. అది మొరటు పద్ధతే, కానీ తప్పు ఎక్కడుందో వెతుక్కోవలసిన అవసరం ఉండేది కాదు. యాక్సెస్ స్వభావం వేరు. తప్పనిసరి గడిని మీరు దాటి వెళ్లిపోయినా ఏమీ అనదు. రికార్డు మొత్తాన్ని, అంటే పట్టికలోని ఒక వరుసను, సేవ్ చేసే సమయం వచ్చినప్పుడు మాత్రమే నోరు విప్పుతుంది. నేటి సమస్యలలో సగం ఈ ఆలస్యం నుంచే పుడుతున్నాయి.

ముందుగా హెచ్చరిక మాటలనే చూద్దాం. పట్టికలో ఒక ఫీల్డుకు, అంటే ఒక నిలువు వరుసకు, రిక్వైర్డ్ అన్న లక్షణానికి ఎస్ అని పెట్టి, ఫారంలో దానిని ఖాళీగా వదిలితే 3314 అనే సంఖ్య గల దోషం వస్తుంది. ఫలానా ఫీల్డులో మీరు విలువ ఇవ్వాలి అని అది చెబుతుంది. అయితే అది చెప్పే పేరు ఫారం మీద కనిపించే పేరు కాదు, పట్టికలో ఉన్న పేరు. ఫారం మీద చక్కగా తెలుగులో "ఇంటిపేరు" అని రాసి ఉంటుంది. హెచ్చరికలో మాత్రం కస్టమర్స్ డాట్ ఎల్‌నేమ్ అని వస్తుంది. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయికి ఆ రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి? పైగా ఆ ఫీల్డు ఫారం మీద అసలు లేకపోవచ్చు, ఉన్నా కనబడకుండా దాచి ఉండవచ్చు. ఇంకా చిత్రమైన సందర్భం ఏమిటంటే, గడి కళ్లెదుటే ఉంటుంది, అందులో విలువ కూడా రాసి ఉంటుంది, అయినా హెచ్చరిక ఆగదు. అప్పుడు ఆ గడి కంట్రోల్ సోర్స్, అంటే అది ఏ ఫీల్డుతో ముడిపడిందో చెప్పే లక్షణం, చూడండి. అది ఖాళీగా ఉందంటే, మీరు రాసినది తెర మీదే ఉండిపోతోంది తప్ప పట్టికకు చేరడం లేదని అర్థం.

ఈ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది, దానిని తెర మీద చేసి చూపిస్తున్నాను. ఫారంను పక్కన పెట్టి పట్టికను నేరుగా తెరిచి, అదే అసంపూర్ణమైన వరుసను అక్కడ నింపి చూస్తాను. అక్కడా హెచ్చరిక వస్తే లోపం పట్టిక నియమాలలో ఉన్నట్టు; అక్కడ నోరు మెదపకుండా సేవ్ అయిపోతే, ఫారం మీద పెట్టిన నియమంలోనో, ఫారం వెనుక రాసిన కోడ్‌లోనో ఉన్నట్టు. దోషం సంఖ్య కూడా దారి చూపుతుంది. 3058 వస్తే ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే ఫీల్డు) గానీ, ఇండెక్స్ (వెతకడానికి వేసుకున్న సూచిక) గానీ ఖాళీగా ఉందని. 3201 వస్తే మరో పట్టికలో ఉండవలసిన సంబంధిత రికార్డు లేదని, అంటే కొనుగోలుదారును నమోదు చేయకుండానే అతని పేర ఆర్డరు రాస్తున్నారని. ఆ రెండవది ఖాళీ గడిలా కనిపించదు కానీ, తరచుగా అదీ ఖాళీ గడి సమస్యే.

ఇక సమయం సంగతి. "నేను సేవ్ నొక్కనే లేదు, అయినా ఎందుకు అరుస్తోంది?" అన్నది కొట్టులో నేను ఎక్కువగా విన్న ప్రశ్న. ఆర్డరు ఫారం పై భాగంలో కొనుగోలుదారు వివరాలు, కింద సబ్‌ఫారంలో సరుకు వివరాలు ఉంటాయి. పై భాగం నుంచి సబ్‌ఫారంలోకి క్లిక్ చేసిన మరుక్షణం యాక్సెస్ పై రికార్డును సేవ్ చేయడానికి ప్రయత్నిస్తుంది. కింది వరుసలు వేలాడడానికి పైన ఒక రికార్డు ఉండాలి కదా. కనుక ఫోన్ నంబరు తరువాత అడుగుదాములే అనుకుని ముందు సరుకు రాయబోతే హెచ్చరిక తప్పదు. దీనికి పరిష్కారం కోడ్‌లో లేదు. మనుషులు నిజంగా ఏ వరుసలో మాట్లాడతారో చూసి గడుల వరుసను మార్చుకోవాలి.

మరో రకం ఉంది: కొత్త ఖాళీ రికార్డు దగ్గర ఆగి, ఒక్క అక్షరం కూడా రాయకుండా వెనక్కి పోబోతే హెచ్చరిక రావడం. ఇలాంటప్పుడు ఫారం కరెంట్ ఈవెంట్‌లో (ఒక రికార్డు తెర మీదకు రాగానే నడిచే కోడ్‌లో) ఎవరో తేదీనో, ఇంకేదో విలువనో కోడ్ ద్వారా నింపి ఉంటారు. దానితో మీరు ముట్టుకోకపోయినా రికార్డు మొదలైపోయినట్టే లెక్క. ఎడమ పక్కన పెన్సిల్ గుర్తు కనిపిస్తే సందేహం అక్కరలేదు. అదే తేదీని డిఫాల్ట్ వాల్యూగా ఇస్తే, మీరు రాయడం మొదలుపెట్టేదాకా రికార్డు పుట్టదు. ప్రస్తుతానికి బయటపడాలంటే ఎస్కేప్ రెండుసార్లు నొక్కండి: మొదటిది గడిలోని మార్పును, రెండవది రికార్డులోని మార్పులన్నిటినీ రద్దు చేస్తుంది.

ఇప్పుడు ఈ ఉత్పత్తిలో నాకు మనసుకు నచ్చిన అంశానికి వస్తాను, దీని మీద కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను. మార్పు ఖాయమయ్యే ముందు నడిచే బిఫోర్ అప్‌డేట్ అనే ఈవెంట్ రెండు చోట్ల ఉంటుంది, ఒకటి ప్రతి గడికీ, మరొకటి మొత్తం ఫారంకూ. కొత్తగా నేర్చుకునేవారు ఖాళీని పట్టుకునే కోడ్‌ను గడి ఈవెంట్‌లో రాస్తారు, అది పని చేయదు, పైగా ఎందుకు పని చేయలేదో కూడా అర్థం కాదు. కారణం సరళమైనది. ఆ గడిలో విలువ మారితేనే ఆ ఈవెంట్ నడుస్తుంది. గడిని అసలు ముట్టుకోకుండా వదిలేసిన మనిషి విషయంలో అది ఎన్నటికీ నడవదు. గడి మీద పెట్టిన వ్యాలిడేషన్ రూల్‌కూ (విలువ ఎలా ఉండాలో చెప్పే షరతుకూ) ఇదే పరిమితి ఉంది. లేనిదానిని పట్టుకోవాలంటే ఫారం బిఫోర్ అప్‌డేట్‌లోనే పట్టుకోవాలి. రికార్డు ఏ దారిన సేవ్ కాబోయినా, సబ్‌ఫారంలోకి వెళ్లినా, తరువాతి రికార్డుకు జరిగినా, ఫారం మూసినా, అది ఈ ఒక్క గుమ్మం దాటే వెళ్లాలి. అక్కడ క్యాన్సెల్‌కు ట్రూ ఇచ్చి (అంటే సేవ్‌ను ఆపి), కర్సర్‌ను ఖాళీ గడిలో పెట్టి, ఆ గడి రంగు మార్చి, మన మాటల్లో విషయం చెప్పవచ్చు. ఇన్ని దారులకు ఒకే కాపలా చోటు దొరకడం ఎంత హాయో, ఇతర సాధనాలలో అదే తనిఖీని పలుచోట్ల రాసుకున్నవారికి తెలుస్తుంది.

అయితే మన మాటల్లో అన్నాను కనుక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. యాక్సెస్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష వీబీఏ. ఆ కోడ్ రాసే కిటికీ, అన్ని భాషల లిపులకూ వాడే యూనికోడ్‌ను అంగీకరించదు. అందులో తెలుగులో సందేశం అతికిస్తే సాధారణంగా ప్రశ్నార్థకాల వరుస మిగులుతుంది. 2024 అని పేరు పెట్టుకున్న ఉత్పత్తిలో ఇది ఇంకా ఇలాగే ఉండడం నాకు మింగుడు పడలేదు. పట్టికలోనూ, ఫారం గడి లక్షణాలలోనూ ఉండే వ్యాలిడేషన్ టెక్స్ట్‌లో (షరతు తప్పినప్పుడు చూపే సందేశంలో) మాత్రం తెలుగు నిక్షేపంగా నిలుస్తుంది. కోడ్ నుంచే చూపించాలనుకుంటే, సందేశాలను ఒక పట్టికలో తెలుగులో రాసి పెట్టుకుని, అవసరమైనప్పుడు ఫారం మీది లేబుల్‌లోకి తెచ్చుకోండి. కొట్టులో నేను చేసింది అదే. తెర మధ్యలో పెట్టె లేవడం మానేసి, గడి పక్కనే ఎర్రటి తెలుగు వాక్యం కనిపించడం మొదలయ్యాక నాకు ఫోన్లు రావడం తగ్గింది.

ఇంతకుముందు ఎల్‌నేమ్ అన్నాను, దాని కథ వేరు. ఆ పట్టికను మొదట తయారు చేసినవారు ఇంటిపేరును తప్పనిసరి చేశారు. కొట్టుకు వచ్చే తెలుగువారికి ఇబ్బంది లేదు, మనకు ఇంటిపేరు ఉంటుంది. కానీ చెన్నైలో కొనుగోలుదారులలో అత్యధికులకు తండ్రి పేరులోని మొదటి అక్షరమూ, తమ పేరూ, అంతే. మరి తప్పనిసరి గడిలో ఏం రాయాలి? ఒకరు చుక్క పెట్టారు, ఒకరు గీత గీశారు, ఒకరు తండ్రి పేరు రాశారు, ఒకరు ఆ మనిషి ఉండే పేట పేరు రాసేశారు. "ఇంటిపేరు లేనివాడికి కాగితం అమ్మకూడదా ఏమిటయ్యా?" అని బావగారు నన్ను నిలదీశారు. హెచ్చరికలు ఆగిపోయాయి కానీ, వాటికి బదులు పట్టిక నిండా అబద్ధాలు చేరాయి. ఖాళీ గడి అయితే తరువాత వెతికి పట్టుకోవచ్చు; చుక్కను పట్టుకోవడం కష్టం, పేట పేరును పట్టుకోవడం అసాధ్యం.

జీఎస్టీఐఎన్ (వ్యాపారి జీఎస్టీ నమోదు సంఖ్య) విషయమూ అంతే. అది 15 అక్షరాల సంఖ్య: మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తమిళనాడుకు 33, ఆ తరువాతి పది పాన్. దానిని తప్పనిసరి చేస్తే, కూతురి పెళ్లికి శుభలేఖలు వేయించుకునే గృహస్థు ఏ నంబరు ఇస్తాడు? అడగాలి గానీ, కొనుగోలుదారు నమోదైన వ్యాపారి అయినప్పుడే అడగాలి. ఈ రకం షరతు ఒక్క ఫీల్డుకు సంబంధించినది కాదు కనుక పట్టిక మొత్తానికి ఉండే వ్యాలిడేషన్ రూల్‌లో రాయాలి: రకం వ్యాపారి కాకూడదు, లేదా జీఎస్టీఐఎన్ ఖాళీగా ఉండకూడదు, అన్నట్టు. పట్టికకు అటువంటి నియమం ఒక్కటే ఇస్తారు కనుక, రెండు మూడు షరతులుంటే అన్నిటినీ ఒకే వాక్యంగా కుట్టుకోవలసి వస్తుంది, చదవడానికి అది బాధగానే ఉంటుంది.

తెలియనిది వేరు, వర్తించనిది వేరు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ను 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్ స్వయంగా, 1990 నాటికి, విలువ ఉండవలసి ఉండి లేకపోవడానికి ఒక గుర్తు, అసలు వర్తించకపోవడానికి మరొక గుర్తు ఉండాలని వాదించారు. డేటాబేసులను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఒకే ఒక్క నల్ (విలువ లేదన్న గుర్తు) దగ్గర ఆగిపోయింది, యాక్సెస్ కూడా అంతే. యాక్సెస్‌లో సున్నా పొడవు గల పాఠ్యం అని మరొకటి ఉంది, రెండు జంట కొటేషన్ గుర్తులు పక్కపక్కన రాస్తే వస్తుంది. అలౌ జీరో లెంగ్త్ అనే ఫీల్డు లక్షణానికి ఎస్ అని ఉంటే తప్పనిసరి గడి కూడా దానిని విలువగా స్వీకరిస్తుంది. "వర్తించదు" అన్న అర్థంలో దీనిని వాడమని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. తెర మీద నల్, ఇది రెండూ ఒకేలా ఖాళీగా కనిపిస్తాయి, కాబట్టి ఖాళీలు వెతికే క్వెరీలో ఈజ్ నల్ అని మాత్రమే అడిగితే ఇవి తప్పించుకుంటాయి. బయటి ఫైళ్ల నుంచి తెచ్చుకున్న పట్టికలో హెచ్చరిక రావలసిన చోట రాకపోతే మొదట దీనినే అనుమానించండి. నేను "వర్తించదు" అన్నదానికి వేరే ఎస్, నో గడి పెట్టాను.

నాకు అసలు కోపం తెప్పించినది ఇప్పుడు చెప్తాను. ఫారం మీద "మూసివేయి" అని ఒక బటన్ పెట్టి, దాని వెనుక ఫారం మూసే డూసీఎండీ డాట్ క్లోజ్ అనే ఆదేశం రాశారనుకోండి. తప్పనిసరి గడి ఖాళీగా ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కి చూడండి. ఏ హెచ్చరికా రాదు. ఫారం మూసుకుంటుంది, రికార్డు మాయమవుతుంది. పై మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే, సేవ్ చేయలేకపోతున్నాను, మార్పులు పోతాయి, అయినా మూయమంటారా అని అడిగే అదే ప్రోగ్రాము, కోడ్ ద్వారా మూస్తే మౌనంగా పారేస్తుంది. ఆ ఆదేశంలో సేవ్ అనే ఐచ్ఛికం ఉంది కదా అని సంబరపడకండి. అది ఫారం రూపకల్పనను సేవ్ చేస్తుంది తప్ప మీ డేటాను కాదు. మూసే ముందు వరుసలో మీ డాట్ డర్టీ ఈక్వల్స్ ఫాల్స్ (Me.Dirty = False) అని రాసి, ముందు సేవ్ చేయించి, ఆ తరువాత మూయించండి. అనవసరమైన చోటల్లా అరిచే హెచ్చరికను భరించగలను. అవసరమైన ఒకే ఒక్క చోట అది నోరు కట్టుకోవడాన్ని మాత్రం క్షమించలేను. దశాబ్దాలుగా తెలిసిన ఈ సంగతి ఈ సంచికలోనూ మారలేదు.

డబ్బు పెట్టలేనివారికి లిబ్రెఆఫీస్ బేస్ అనే డేటాబేసు ప్రోగ్రాము ఉచితంగా ఉంది. తప్పనిసరి ఫీల్డులను ఫారంలో ముందే తనిఖీ చేయాలా వద్దా అన్న ఎంపిక అందులో డేటాబేసు అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో దొరుకుతుంది, ఆ ఆలోచన నాకు నచ్చింది. అయితే నేను వాడిన మేరకు ఫారాల తయారీలో అది యాక్సెస్ దరిదాపులకు రాలేదు.

తీర్పు అడుగుతారు కనుక చెప్తాను. కాగితంపై లెక్కవేస్తే దీనికి చాలా మార్కులే పడతాయి, కానీ ఆ మౌనంగా పారేసే అలవాటు వల్ల నేను పదికి ఆరున్నర దగ్గర ఆగుతున్నాను. ఫారం బిఫోర్ అప్‌డేట్ లేకపోతే అది కూడా ఇచ్చేవాడిని కాదు. మీ దగ్గర పాత సంచిక ఉండి, అది సరిగ్గానే నడుస్తుంటే ఈ హెచ్చరికల కోసమని కొత్తది కొనవద్దు; ఇప్పుడు చెప్పినవన్నీ అందులోనూ ఇలాగే ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారు కొనవచ్చు. పాత డేటా ఉన్న పట్టికలో రిక్వైర్డ్‌ను కొత్తగా ఎస్ చేస్తే, ఉన్న రికార్డులను కూడా పరీక్షించమంటారా అని యాక్సెస్ అడుగుతుంది. తొందరలో నో నొక్కకుండా ఎస్ నొక్కండి, ముందుగా ఫైలుకు ఒక నకలు తీసిపెట్టుకోండి.