మన ‘అవును’ వేరు, ఇంగ్లీషు ‘యెస్’ వేరు: మాట్లాడే ఇంగ్లీషును ఎలా దిద్దించుకోవాలి?

నమస్కారం. “మీరు నిన్న రాలేదా?” అని అడిగితే, రానివారు “అవునండీ, రాలేదు” అంటారు, వచ్చినవారు “లేదండీ, వచ్చాను” అంటారు. ఇదే ప్రశ్నను ఇంగ్లీషులో “డిడ్‌న్ట్ యూ కమ్ యెస్టర్డే?” అని అడిగినప్పుడు, రానివారు తెలుగు అలవాటు కొద్దీ “యెస్” అని ఊరుకుంటే, విన్నవారు వచ్చారనే అనుకుంటారు. మన ‘అవును’ అడిగినవారి మాటకు ఒప్పుకోలు. ఇంగ్లీషు ‘యెస్’ మాత్రం పని జరిగిందని చెబుతుంది. కనుక రానప్పుడు, ప్రశ్న ఎలా ఉన్నా, “నో, ఐ డిడ్‌న్ట్” అనవలసిందే.

రాతలో కనబడని ఈ తప్పును సంభాషణలోనే పట్టుకోవాలి. అయితే “ప్రతి తప్పునూ అక్కడికక్కడే ఆపి దిద్దమని స్నేహితులను అడగండి” అనే సలహా విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మాటమాటకూ అడ్డు తగిలితే చెప్పదలచిన విషయమే మరుగున పడి, మనిషి నోరు విప్పడానికే జంకుతాడు.

ఇక మర్యాద తెలిసినవారు అడ్డు తగలరు. మన వాక్యాన్నే సరిచేసి తిరిగి పలుకుతారు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివే పిల్లల తరగతులను పరిశీలించిన రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో ప్రచురించిన పరిశోధనలో, ఉపాధ్యాయుల దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ రకానివే. కానీ పిల్లలు తప్పును తమంతట తాము సరిచేసుకున్నది మాత్రం, జవాబు అందించకుండా వారినే ఆలోచించనిచ్చినప్పుడు. మన ఉదాహరణలో ఇది మరీ స్పష్టం. మనం “యెస్” అన్నాము, ఎదుటివారు సందేహించి “ఓ, యూ డిడ్‌న్ట్ కమ్?” అన్నారు, అది దిద్దుబాటని తెలియక, మనం మళ్లీ “యెస్” అంటాము!

అందువల్ల ఒక్క మనిషిని, ఒక్క తప్పును ఎంచుకోండి. నా సహోద్యోగి ఒకరు టీ తాగేటప్పుడు కావాలనే “హావ్‌న్ట్ యూ ఈటెన్?” వంటి ప్రశ్నలు వేసి, నేను పొరబడితే గ్లాసుతో బల్లను రెండుసార్లు తట్టేవారు, సరైన జవాబు మాత్రం చెప్పేవారు కాదు. నేను ఆగి, ఆలోచించి, “నో, ఐ హావ్‌న్ట్” అని పూర్తి వాక్యం పలికిన తరువాతే సంభాషణ ముందుకు సాగేది. కొన్నాళ్లకు ఆ గ్లాసు చప్పుడు నా చెవిలోనే వినబడసాగింది.

సమయం మించుతున్నందున మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. అర్థాన్ని తారుమారు చేసే తప్పులనే ముందుగా దిద్దించుకోండి. “డిస్కస్ అబౌట్”లోని అనవసరమైన ‘అబౌట్’, “ఐ హావ్ టూ బ్రదర్స్” అనవలసిన చోట వచ్చే “ఐ యామ్ హావింగ్”, ‘నిన్ననే’ కోసం వాడే “యెస్టర్డే ఓన్లీ” వంటివాటి వల్ల అర్థం చెడదు కనుక, అవి తరువాత చూసుకోవచ్చు. ఎదుటివారి అనుమతితో ఐదు నిమిషాల సంభాషణను ఫోనులో రికార్డు చేసుకుని, తిరిగి వినేటప్పుడు ముందుగా మీ ‘యెస్’లను వెతకండి.