చేప కదిలిందా, వల కదిలిందా?

అందరికీ నమస్కారం.

"ఎండలు ముదిరాయి, చేపలు వలస పోతున్నాయి" అనే మాట ఈమధ్య రేవుల్లోనూ టీవీల్లోనూ తరచుగా వినబడుతోంది. సముద్రం వేడెక్కిన మాట నిజం. 1951 నుంచి 2015 లోపు ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర సగటున ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కింది. చేపలు చల్లని రక్తం ప్రాణులు కాబట్టి ఆ ఒక్క డిగ్రీ వాటికి చిన్న విషయం కాదు. అయినా నాకు ఒక పేచీ ఉంది. మనం చూసేది సముద్రంలోని చేపను కాదు, జెట్టీ మీద పడ్డ చేపను. అక్కడ గుట్ట పెద్దదైతే చేప పెరిగినట్టా, పడవలు పెరిగినట్టా? ఇది తేలకుండా వలసల గురించి ఎంత మాట్లాడినా ఊహే.

ముందు లెక్క ఎలా తీస్తారో చెప్తాను. మన దేశంలో ఈ పనిని దశాబ్దాలుగా చేస్తున్నది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. 1947లో తమిళనాడులోని మండపం అనే ఊళ్లో పుట్టింది, ఇప్పుడు ప్రధాన కేంద్రం కొచ్చిలో ఉంది, విశాఖలో ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రతి రేవులో ప్రతి రోజూ మనిషిని పెట్టడం అయ్యే పని కాదు. అందుకని నెలను పదేసి రోజుల చొప్పున మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో లాటరీ తీసినట్టు రోజుల్ని ఎంచుతారు. ఆ రోజు పరిశీలకుడు మధ్యాహ్నం 12కి రేవుకు చేరి సాయంత్రం 6 దాకా ఉంటాడు. మర్నాడు పొద్దున 6కే వచ్చి మధ్యాహ్నం దాకా ఉంటాడు. మధ్యలో రాత్రి దిగిన సరుకు సంగతి వాకబు చేసి రాసుకుంటాడు. పదిహేను పడవల్లోపు వస్తే అన్నిటినీ చూస్తాడు, మించితే కొన్నిటిని ఎంచుకుంటాడు.

చెప్పినంత సులువు కాదు. వేలం మొదలైతే బుట్ట ఎవరి కోసమూ ఆగదు. ఆ హడావిడిలోనే సరంగును, అంటే పడవ నడిపేవాణ్ని, పట్టుకుని ఎన్ని గంటలు వేట చేశారు, ఎంత లోతులో, ఏ వలతో అని అడగాలి. బుట్టలోంచి కొన్ని చేపలు తీసి, కొలత గీతలున్న పలక మీద ముక్కు నుంచి తోక చివర దాకా కొలవాలి. కొన్నిటి పొట్ట చీరి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూడాలి. నన్నడిగితే ఎన్ని టన్నులు అన్న అంకె కంటే ఈ చివరి రెండు పనులే విలువైనవి. ఎందుకో ఉదాహరణలతో చెప్తాను.

నూనె కవళ్లు, అంటే ఆయిల్ సార్డిన్ చేపలు, తీసుకోండి. 1980ల మధ్య దాకా దేశంలో పట్టుబడినవి దాదాపు అన్నీ పడమటి వైపున్న మలబారు తీరం నుంచే, అంటే 8 నుంచి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య నుంచే వచ్చేవి. తర్వాత 14 డిగ్రీలు దాటి పైకీ, ఇటు తూర్పు తీరానికీ విస్తరించాయి. 2006 నాటికి సుమారు 15 శాతం ఆ గీతకు ఉత్తరాన పట్టుబడినవే. మరోవైపు కేరళలో 2012లో 3.9 లక్షల టన్నులున్న కవళ్లు 2021లో 3,300 టన్నులకు పడిపోయాయి, తర్వాత మళ్లీ కోలుకున్నాయి. అక్కడ తగ్గాయి, ఇక్కడ కనబడ్డాయి, కాబట్టి అవే ఇటు వచ్చాయి అనేయడం తేలిక. కానీ తగ్గుదలకు అతివేట, పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణాన్ని మార్చే ఎల్‌నినో, మేత కొరత అన్నీ కారణాలు కావచ్చు. అవే చేపలా కాదా అన్నది టన్నుల లెక్క చెప్పదు, జన్యు పరీక్షలు చెప్పాలి.

కానాగడతల (మాకెరెల్ చేపల) కథ ఇంకా చిక్కు. ఇవి పై నీళ్లలో తిరిగే చేపలు. 1985-89లో దేశంలో పట్టుబడిన వాటిలో 2 శాతమే సముద్రం అడుగున ఈడ్చే ట్రాలు వలల్లో పడేవి. 2003-07 నాటికి అది 15 శాతం అయింది. పై నీళ్లు వేడెక్కి అవి కిందికి దిగాయన్నది శాస్త్రవేత్తల వివరణ. నాకూ అది సబబుగానే తోస్తుంది. అయినా ఆ ఇరవై ఏళ్లలో వల నోరు ఎంత ఎత్తు పెరిగింది, పడవలు ఎంత దూరం వెళ్లసాగాయి అన్నవి పక్కన లేకపోతే వాదన కుంటుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాలతో నీటి వేడి, పచ్చనాచు జాడ చూసి ఫలానా చోట చేప దొరకొచ్చని రోజూ సమాచారం పంపుతుంది. మత్స్యకారులకు డీజిల్ ఆదా, చాలా మంచి పని. కానీ వెతుకులాట తగ్గితే సముద్రంలో ఒక్క చేప కూడా పెరగకుండానే గంటకు పడే చేప పెరుగుతుంది. ఆ సంగతీ లెక్కలో రాయాలి.

వలతో సంబంధం లేని సాక్ష్యం కావాలంటే చేప పొట్టలోనే చూడాలి. చెన్నై తీరంలో నెమిప్టెరస్ జపోనికస్ అనే గులాబీ రంగు చేపను అలాగే చూశారు. 1980లో గుడ్లకు సిద్ధమైన చేపల్లో 35 శాతం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, వేడి నెలల్లో కనబడేవి. 2004కి అది 5 శాతానికి దిగింది. మిగతావన్నీ చల్లని నెలలకు జరిగాయి. ఎన్ని పడవలు పెరిగినా చేప గుడ్లు పెట్టే నెల మారదు కదా. నేను గట్టిగా నమ్మే సాక్ష్యం ఇలాంటిది.

పాత లెక్క లేనిదే కొత్త మార్పు తెలియదు. ఆ విషయంలో విశాఖ అదృష్టవంతురాలు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడి రేవులో సేకరించిన 200 చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లోనే అచ్చయ్యాయి. మన జాలరులు చెప్పిన పేర్లు కూడా వాటిలో ఉన్నాయి.

ఇక మన తీరానికి ఉన్న పెద్ద ఖాళీ గురించి చెప్పి ముగిస్తాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం. 61 రోజులు. నిషేధం అవసరమే, దాన్ని తప్పుపట్టను. కానీ నీళ్లు బాగా వేడెక్కే రోజులూ అవే, ట్రాలర్ల లెక్క లేని రోజులూ అవే. ఆ రెండు నెలల్లో ఒడ్డు దాపున తెప్పల మీద, చిన్న పడవల మీద వేటాడేవాళ్లు తెచ్చే చేపల పొడవు, గుడ్ల దశ మామూలు నెలల కంటే ఎక్కువసార్లు రాయాలి. మత్స్యశాస్త్ర విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. వేసవి సెలవుల్లో ఒక పలక, ఒక స్కేలు, ఒక నోట్‌బుక్ పట్టుకుని దగ్గర్లోని రేవుకు వెళ్లండి. ఎలా రాయాలో నేను నేర్పిస్తాను.

ప్రశ్నలుంటే అడగండి.