చనిపోయిన 17 ఏళ్లకు డ్యుయెట్లు: సెలీనా ఆల్బమ్ మీద ఒక వాదన

శ్రావణి: కిరణ్, నువ్వు పంపిన ప్లేలిస్ట్ విన్నాను. సెలీనా గోమెజ్ పాట అన్నావు కదా, అందులో ఇంకో గొంతు ఎవరిది?

కిరణ్: ఆవిడా సెలీనానే అక్కా, సెలీనా కింటానియా. గోమెజ్‌కి ఆ పేరు పెట్టిందే ఈవిడ మీద అభిమానంతో. టెక్సస్‌లో పుట్టిన మెక్సికన్ అమెరికన్, అక్కడి మెక్సికన్ మూలాల వాళ్ల తెహానో సంగీతానికి రాణి అని పిలిచేవాళ్లు. అన్న ఏబీ, అక్క సుజెట్‌తో కలిసి ఫ్యామిలీ బ్యాండ్‌లో పాడేది. 1995 మార్చి 31న కార్పస్ క్రిస్టీలో, తన ఫ్యాన్ క్లబ్ నడిపిన ఆవిడే కాల్చి చంపింది. అప్పటికి 23 ఏళ్లు.

శ్రావణి: మరి ఈ పాట?

కిరణ్: 2012 ఏప్రిల్‌లో 'ఎనామొరాదా దె తీ' అని ఒక ఆల్బమ్ వచ్చింది. పాత హిట్లకు కొత్త మ్యూజిక్ కట్టి, కొన్నింట్లో ఇప్పటి గాయకులతో డ్యుయెట్లు పాడించారు. 'బిడి బిడి బొమ్ బొమ్'లో గోమెజ్, 'కోమో లా ఫ్లోర్'లో క్రిస్టియన్ కాస్ట్రో, 'అమోర్ ప్రొహిబిదో'లో కమీలా అనే బ్యాండ్ గాయకుడు సామో, ఇంకో పాటలో రెగెటోన్ అనే లాటిన్ డాన్స్ మ్యూజిక్ స్టార్ డాన్ ఒమర్. ఆవిడ పోయేనాటికి గోమెజ్ రెండేళ్ల పిల్ల.

శ్రావణి: అదిగో, నాకు ఇబ్బందిగా అనిపించేది అక్కడే. డ్యుయెట్ అంటే ఒకరు లైన్ అందిస్తే ఇంకొకరు అందుకోవాలి, అవతలివాళ్లు ఒక సంగతి వేస్తే దానికి ఇవతలివాళ్లు జవాబివ్వాలి. ఇక్కడ ఒకావిడ ఎప్పుడో పాడేసి వెళ్లిపోయింది, రెండోవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆవిడ ఖాళీల్లో దూరుతున్నారు. ఆవిడకి వీళ్లెవరో కూడా తెలీదు.

కిరణ్: ఒప్పుకుంటా. కానీ స్టూడియో పని ఎలా జరుగుతుందో చూడు. గొంతు ట్రాక్ విడిగా ఉంటే దాని చుట్టూ డ్రమ్స్, బేస్ అన్నీ మార్చొచ్చు, టెంపో కొంచెం పెంచొచ్చు. శ్రుతి మాత్రం ఎక్కువ జరిపితే గొంతు కృతకంగా వినిపిస్తుంది, అందుకే పక్కన పాడే మగ గొంతు ఆవిడ శ్రుతికే సర్దుకోవాలి. మామూలు డ్యుయెట్‌లో ఇద్దరికీ కుదిరే శ్రుతి చూసుకుంటారు, ఇక్కడ బేరం లేదు. అందుకే చాలాచోట్ల వచ్చిన అతిథి కాస్త భయంభయంగా పాడుతున్నట్టు ఉంటుంది, నాకైతే ఆ మర్యాద నచ్చింది.

శ్రావణి: మర్యాదేమో గానీ, గోమెజ్ పాట బానే ఉంది, నిజం చెప్పాలంటే. అది ఎలాగూ అల్లరి పాట కాబట్టి ఇంకో గొంతు కలిసినా పాడవలేదు. డాన్ ఒమర్‌ది మాత్రం నాకు పడలేదు.

కిరణ్: 'ఫోతోస్ ఈ రెకుయెర్దోస్'. ఆ పాటకి ఒక చరిత్ర ఉంది, విను. దాని మూలం ప్రిటెండర్స్ అనే రాక్ బ్యాండ్‌ది, 1982 నాటిది, వాళ్ల గిటారిస్ట్ చనిపోయాక బయటికొచ్చిన పాట. దాన్నే సెలీనా వాళ్లు స్పానిష్‌లో, తమ కుంబియా అనే లాటిన్ అమెరికా డాన్స్ లయలో చేసుకున్నారు. ఆవిడ కాల్పుల్లో పోయేనాటికి ఆ పాట రేడియోల్లో మోగుతూనే ఉంది. ఇప్పుడు దాని మీద రెగెటోన్.

శ్రావణి: పోయినవాళ్ల గుర్తుగా పుట్టిన పాట పోయినావిడ గొంతులో, దాన్ని మళ్లీ డాన్స్ ఫ్లోర్ మీదికి! సరే, ఎవరు ఒప్పుకున్నారు దీనికి?

కిరణ్: కుటుంబమే. ఆవిడ సంగీతం వ్యవహారాలన్నీ వాళ్ల నాన్న అబ్రహామ్ చూసుకునేవాడు. కొత్త తరం పిల్లలకి చేరాలి అన్నది వాళ్ల మాట. డబ్బు కోసమే అని తిట్టినవాళ్లూ ఉన్నారు. నేను రెండూ నిజమే అంటాను, రెండూ ఒకే ఇంట్లో ఉండలేవా ఏంటి! కానీ నాకు గీత దాటినట్టు అనిపించింది 2012లో కాదు, 2022లో. 'మూన్‌చైల్డ్ మిక్సెస్' అని ఇంకో ఆల్బమ్ వచ్చింది. అందులో టీనేజీలో పాడిన రికార్డింగులు తీసుకుని, ఏబీ ఆ గొంతునే కంప్యూటర్‌లో మార్చాడు, వయసొచ్చిన సెలీనాలా వినిపించడానికి.

శ్రావణి: శ్రుతి కిందికి దించితే వయసు వచ్చేస్తుందా! పెద్దయ్యాక పాడే మనిషి ఊపిరి వేరే చోట తీసుకుంటుంది, పదం మీద నిలబడే తీరు వేరు.

కిరణ్: అందుకే అంటున్నా. 2012లో బట్టలు మార్చారు, మనిషిని ముట్టుకోలేదు. 2022లో మనిషినే మార్చారు.

శ్రావణి: మనకీ వచ్చింది కదా ఈ గొడవ. 'కీడా కోలా' సినిమాలో బాలుగారి గొంతుని ఏఐతో పెట్టారని, తమని అడగలేదని 2024లో వాళ్లబ్బాయి ఎస్పీ చరణ్ లీగల్ నోటీస్ పంపించారు. అక్కడ కుటుంబం వద్దంది, ఇక్కడ కుటుంబమే దగ్గరుండి చేసింది. అంటే అనుమతి ఒక్కటుంటే సరిపోతుందా?

కిరణ్: కోర్టుకి సరిపోవచ్చు. నా చెవికి సరిపోదు.

శ్రావణి: నువ్వు 2012 దానికి మినహాయింపు ఇస్తున్నావు, నేను అదీ ఇవ్వను.

కిరణ్: ఇవ్వకు. వినేవాళ్లకి ఒక్కటే చెప్తా, డ్యుయెట్లతో మొదలుపెట్టకండి. ముందు 1994 నాటి 'అమోర్ ప్రొహిబిదో' ఆల్బమ్ పెట్టుకోండి, మేము తిట్టుకున్న పాటల్లో చాలా వరకు అందులోవే. తర్వాత 1995 ఫిబ్రవరిలో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ కచేరీ వీడియో చూడండి. రీమిక్స్ తర్వాత చూసుకోవచ్చు.

శ్రావణి: లేదా అస్సలు చూడకపోయినా ఏం కాదు.