మోకాళ్ల నొప్పి, బోరు నీరు, ఒక దొడ్డిదారి: కార్యకారణ చిత్రం గీయడం ఎలా?

నమస్కారం. ఒక తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్ అక్కర లేదు, ఎందుకంటే ఈ వీడియోలో మనం చేయబోయే పని, అంటే ఏది దేనికి కారణమో బాణాలతో చూపే కార్యకారణ చిత్రం గీయడం, డేటా సేకరించడానికి ముందే జరగవలసినది.

మన ప్రశ్న నల్లగొండ జిల్లాది. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య మనకు తరాలుగా తెలిసినదే. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినందువల్ల పెద్దవాళ్లలో మోకాళ్ల నొప్పి ఎంత పెరుగుతుందో తెలుసుకోవాలనుకుందాం.

కాగితం ఎడమ వైపు ‘ఫ్లోరైడ్ నీరు’ అని, కుడి వైపు ‘మోకాళ్ల నొప్పి’ అని రాసి, మొదటి దాని నుంచి రెండవ దానికి బాణం గీయండి. ఇప్పుడు పైన ‘పేదరికం’ అని రాయండి. చేతిలో డబ్బు ఆడే కుటుంబం ప్లాంటు నీళ్ల క్యాన్ కొనుక్కునేది, లేని కుటుంబం బోరింగు దగ్గర బిందె నింపుకునేది. కనుక పేదరికం నుంచి నీటికి ఒక బాణం. ఆ లేని ఇంట్లోనే పాల వంటి కాల్షియం ఉన్న ఆహారం తక్కువ, ఆ ఇంటివాళ్లే నాట్లలోనూ మట్టిపనిలోనూ రోజంతా నడుము వంచుతారు. కనుక పేదరికం నుంచి పాలకు, పాల నుంచి నొప్పికి, అలాగే పేదరికం నుంచి కాయకష్టానికి, అక్కడి నుంచి నొప్పికి బాణాలు. వయసు కూడా చేర్చండి. నల్లాల్లోకి కృష్ణా నీరు రాకముందు పెద్దవాళ్లు బోరు నీటినే ఎక్కువ ఏళ్లు తాగారు, వయసుతో కీళ్లు కూడా అరుగుతాయి.

నీటి నుంచి బయలుదేరి, బాణాన్ని ఎదురెక్కి పేదరికాన్ని చేరి, పాల మీదుగా నొప్పి దగ్గర తేలే ఈ దారిని దొడ్డిదారి అందాం. ఫ్లోరైడ్‌కు ఏ శక్తీ లేకపోయినా ఈ దారి గుండా నీటికీ నొప్పికీ సంబంధం కనిపిస్తుంది. కన్‌ఫౌండింగ్ అంటే ఇదే. ఈ ఆలోచనకు గణిత పునాదిని కంప్యూటర్ శాస్త్రవేత్త జూడియా పెర్ల్ 1995లో ప్రచురించగా, 1999లో ఆయన, సాండర్ గ్రీన్‌లాండ్, జేమ్స్ రాబిన్స్ కలిసి ఎపిడమాలజీ (జనంలో జబ్బులు ఎలా, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం) పరిశోధకులకు దీన్ని వివరించారు.

ఇక్కడ చిత్రం చేసే గొప్ప మేలు చూడండి. పల్లెలో ఆదాయం అడిగితే నికరమైన జవాబు దొరకడం కష్టం, కాని దారిని మొదట్లోనే, అంటే పేదరికం దగ్గరే, మూయాలన్న నియమం లేదు. మన చిత్రం సరైనదైతే పాలు, కాయకష్టం, వయసు, ఈ మూడింటినీ సరిగా కొలిచి సర్దుబాటు చేస్తే, అంటే ఈ మూడూ సమానంగా ఉన్నవాళ్లనే ఒకరితో ఒకరిని పోల్చితే, దొడ్డిదారులన్నీ మూసుకుంటాయి, పేదరికాన్ని కొలవకపోయినా సరే. అయితే పేదరికం వల్ల వైద్యం అందకపోవడం కూడా నొప్పిని పెంచుతుందనుకుంటే మరో బాణం గీయాలి, అప్పుడు ఆ దారినీ మూయాలి. పాల గురించి అడిగేటప్పుడు ‘బర్రె ఉందా?’ అన్న ప్రశ్న చాలదు. బర్రె ఉన్నా పాలన్నీ కేంద్రంలో పోసి, టీకి మిగిలిన గ్లాసెడుతో సరిపెట్టుకునే ఇళ్లు ఉంటాయి. మీరు కొలవవలసింది తాగిన పాలను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. నా థీసిస్‌లో ఎక్స్‌రేలో కనిపించిన ఎముకల మార్పును కూడా రిగ్రెషన్‌లో (ఇలా సర్దుబాటు చేసే గణాంక పద్ధతిలో) చేర్చాను; ఉన్న చరరాశులన్నీ పెడితే మంచిదని నమ్మేవాణ్ణి. ఫ్లోరైడ్ ప్రభావం దాదాపు మాయమైంది, నెల రోజుల పాటు నీటి నమూనాలనే అనుమానించాను. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలో చేరి, ఎముకను మార్చి, ఆ మార్పు ద్వారానే నొప్పి కలిగిస్తుంది. నడి దారిలో ఉన్న ఆ మార్పును సర్దుబాటు చేయడమంటే, నేను కొలవదలచిన ప్రభావాన్ని నా చేతులతోనే తుడిచేయడం. డేటా పట్టికలో కన్‌ఫౌండర్ (పేదరికంలా దొడ్డిదారికి మూలమైనది), మధ్యవర్తి (ఎముక మార్పులా నడి దారిలో ఉన్నది) ఒకేలా కనిపిస్తాయి, రెండింటికీ నీటితోనూ నొప్పితోనూ సంబంధం ఉంటుంది. తేడా చెప్పేది బాణం దిశ ఒక్కటే, ఆ దిశ తెలియాలంటే శరీరం గురించీ ఊరి గురించీ తెలిసి ఉండాలి.

మరొక ప్రమాదం, కాగితం కింది భాగంలో ‘ఆసుపత్రికి రావడం’. నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లు ఆసుపత్రికి వస్తారు. ఫ్లోరైడ్ ఊళ్లలో శిబిరాలు పెట్టి పంపితే, కొద్దిపాటి నొప్పి ఉన్నవాళ్లు కూడా వస్తారు. రెండు బాణాలు వచ్చి గుద్దుకునే ఇలాంటి చోటును కొలైడర్ అంటారు. దాన్ని ముట్టుకోనంత వరకు ఆ దారి మూసే ఉంటుంది, ఓపీలో ఉన్నవాళ్లనే అధ్యయనానికి ఎంచుకున్న క్షణంలో తెరుచుకుంటుంది. ఓపీ వరుసలో ఫ్లోరైడ్ లేని ఊరి నుంచి వచ్చిన మనిషి తీవ్రమైన నొప్పితోనే వచ్చి ఉంటాడు కాబట్టి, ఫ్లోరైడ్ నొప్పిని తగ్గిస్తోందన్న విపరీతపు ఫలితం కూడా రావచ్చు. దీన్ని ఏ రిగ్రెషనూ సులువుగా సరిచేయలేదు.

ఒక పరిమితి కూడా గుర్తుంచుకోండి. కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టి, దాని శోషణను కొంత తగ్గిస్తుంది, అంటే పాలు తాగేవాళ్లలో ఫ్లోరైడ్ ప్రభావమే వేరుగా ఉండవచ్చు. బాణాలు ఈ సంగతిని చూపవు. విశ్లేషణలో దాన్ని విడిగా పరీక్షించాలి.

కాబట్టి మన అధ్యయనంలో మనుషులను ఓపీలో కాకుండా ఇంటింటికీ వెళ్లి ఎంచుకుంటాం, ఎక్స్‌రేను మోడల్‌లో పెట్టం. ఇప్పుడు వీడియో ఆపి, ప్రశ్నావళిలో మూడు ప్రశ్నలు రాయండి: ఎన్నేళ్లుగా ఏ బోరు నీరు తాగారు, రోజుకు ఎన్ని పాలు తాగుతారు, ఏడాదిలో ఎన్ని నెలలు కూలికి వెళతారు.