తొలి సాల్మన్‌కు స్వాగతం, వల వేస్తే జైలు

[తెరపై: అమెరికా వాషింగ్టన్ రాష్ట్రం పటం. నిస్క్వాలీ నది సముద్రంలో కలిసే చోటు]

నమస్కారం! సియాటిల్‌లో ఉండే మనవాళ్లు సాల్మన్‌ను సూపర్‌మార్కెట్‌లో చూసుంటారు. అక్కడి మూలవాసులకు అది ఏటేటా ఇంటికొచ్చే చుట్టం.

సముద్రంలో సాల్మన్లకూ ఇళ్లున్నాయని, అక్కడ అవి మనుషుల్లాగే బతుకుతాయని, మన ఆకలి తీర్చడానికే చేప రూపంలో నది ఎక్కి వస్తాయని ఆ తీరంలోని చాలా తెగల నమ్మకం. అందుకే సీజన్‌లో పడ్డ తొలి చేపకు అంత మర్యాద.

[తెరపై: ఒడ్డున మంట, పక్కన పుల్లలకు గుచ్చిన చేప]

పాటలతో, డప్పులతో ఎదురెళ్లి తెస్తారు. కాల్చి, వచ్చినవాళ్లందరికీ తలా ఓ ముక్క పెడతారు. ముల్లు కూడా చెత్తలో వేయరు. మిగిలినదంతా సీడర్ కొమ్మల మీద పెట్టి మళ్లీ నీళ్లలో వదులుతారు. బాగా చూసుకున్నారని ఆ చేప వెళ్లి తనవాళ్లకు చెబుతుందట. చాలాచోట్ల ఈ వేడుక అయ్యేదాకా వేట మొదలయ్యేది కాదు. ఆలోపు ముందొచ్చిన చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు వెళ్లిపోయేవి. ఎంత ముందుచూపో చూడండి!

[తెరపై: 1854]

అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న మెడిసిన్ క్రీక్ ఒప్పందంలో నిస్క్వాలీ, మరికొన్ని తెగలు భూములు వదులుకున్నాయి. అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కును మాత్రం వదల్లేదు. ఆ హక్కు ప్రభుత్వం ఇచ్చింది కాదు, వాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నది. ఇలాంటి మరో ఒప్పందం మీద 1905లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. వాళ్లకు చేపల వేట, పీల్చే గాలి దాదాపు సమానమేనంది.

అయినా చేపలు పట్టినందుకు అరెస్టులు ఆగలేదు. 1945లో నిస్క్వాలీ కుర్రాడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను పట్టుకునేనాటికి అతనికి 14 ఏళ్లు. ఆ తర్వాత 50 సార్లకు పైగా అరెస్టయ్యాడు. 1960లలో వీళ్ల నిరసన ఏమిటో తెలుసా? అందరూ చూస్తుండగా నదిలో వల వేయడమే. పోలీసులు పడవలు, వలలు లాక్కుపోయేవారు.

1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పిచ్చారు. పట్టదగిన చేపల్లో సగం దాకా ఒప్పందం చేసుకున్న తెగల వాటా. 1979లో సుప్రీంకోర్టూ దాదాపు పూర్తిగా సమర్థించింది.

మరి నదిలో చేపే లేకపోతే సగం వాటాతో ఏం చేసుకోవాలి? రోడ్ల కింద కట్టిన ఇరుకు తూములు సాల్మన్ దారిని మూసేస్తున్నాయని తెగలు మళ్లీ కోర్టుకెళ్లాయి. 2018లో గెలిచాయి. ఇప్పుడు రాష్ట్రమే హైవేలు తవ్వి, ఆ తూముల్ని మారుస్తోంది.